కల్బాలో కోనప్ప ప్లీడరు అడిగిన వాయిదా

ముందుగా ప్రమాణం. ఏళ్ల తరబడి నా కడుపు నింపిన అరబిక్ కీబోర్డు మీద కుడి చెయ్యి వేసి, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని చెబుతున్నాను: కింద రాయబోయే దాంట్లో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం చదివి నవ్వుతారని తెలుసు. ఫుజైరా కొండ రోడ్డులో ఎర్రదీపం పడితే ఒక మేక సిగ్నల్ దగ్గర ఆగడం చూశానని చెప్పినప్పుడు కూడా వాళ్లు ఇలాగే నవ్వారు. మేక సంగతి వేరు. ఇది కేసు.

2005 జనవరి. ఎమిరేట్స్ తూర్పు తీరాన ఉన్న కల్బాలో మా టైపింగ్ సెంటర్ సముద్రానికి రెండు వీధుల అవతల, ఒక వైపు మంగలి షాపు, ఇంకో వైపు చాయ్ కెఫెటేరియా, వాటి మధ్య ఇరుక్కుని ఉండేది. టైపింగ్ సెంటర్ అంటే మన దగ్గర రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరికి ఏసీ గది ఇచ్చినట్టు. వీసా కావాలన్నా, లేబర్ కార్డు పోయినా, కరెంటు మీటరు పేరు మారాలన్నా అర్జీ అరబిక్‌లోనే ఉండాలి. దాన్ని టైపు చేసేది మేం. చదవడం రానివాడి తరఫున నాలుగు మాటలు మాట్లాడేదీ మేమే. నాకు అరబిక్ ఎలా వచ్చిందన్న దాని మీద కల్బాలో మూడు కథలు ప్రచారంలో ఉండేవి. మూడూ నేను చెప్పినవే.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు వాసనలు గుర్తొస్తాయి. కెఫెటేరియాలో మరిగే కరక్ చాయ్ వాసన, చలికాలం ఉదయాన సముద్రం మీంచి వచ్చే ఎండుచేపల వాసన, గాలి తిరిగితే తోటల వైపు నుంచి తడిమట్టి వాసన. దుబాయ్ అంటే మేడలే అనుకునేవాళ్లకి కల్బాలో తోటలున్నాయంటే నమ్మకం కుదరదు. కొండలకీ సముద్రానికీ మధ్య ఖర్జూరం, మామిడి, లూమీ తోటలుండేవి. లూమీ అంటే నిమ్మ. బావుల్లోకి ఉప్పునీళ్లు ఎక్కి ఒక్కో తోటా ఎండిపోతున్న కాలం అది.

అలాంటి తోటల్లో ఒకదాని ఫోర్‌మన్ యూసఫ్ భాయ్. పెషావర్ వైపు మనిషి, అర్బాబ్ కింద, అంటే తోట యజమాని కింద పనిచేసేవాడు. ఆ ఉదయం తలుపు తోసుకుని వచ్చి, సలాం కూడా సగమే చెప్పి కుర్చీలో కూలబడ్డాడు.

"మాస్టర్, క్యాన్సిలేషన్ కొట్టు. దాంతో పాటు ఒక ఫిర్యాదు అర్జీ. యల్లా, జల్దీ."

క్యాన్సిలేషన్ అంటే వీసా రద్దు చేసి మనిషిని ఇంటికి పంపడం. అది రోజూ ఉండేదే. ఫిర్యాదు తోడైతే మాత్రం వేరే కథ. పోలీసుస్టేషన్ తిరగాలి, ఆ తర్వాత బ్యాన్ పడుతుంది, అంటే మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

"ఎవరి మీద? కారణం ఏం రాయను?"

"ఓబులేస్ మీద. జాన్‌బూఝ్ కే పేడ్ మారా అని రాయి."

అంటే కావాలని చెట్లను చంపాడని. నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఓబులేసు నాకు తెలుసు. కడప జిల్లా మనిషి, మా ఊరికి ఓ మోస్తరు దూరం. శుక్రవారాలు వచ్చి, బల్ల పక్కన నేల మీద కూర్చుని, చీనీ తోటల కబుర్లు చెప్పి పోయేవాడు. చీనీ అంటే మావైపు బత్తాయి. ఆకు మీద పురుగు కనిపిస్తే దాన్ని మందలించి పంపే రకం.

"చంపాడని ఎవరు చెప్పారు?"

"అతనే చెప్పాడు! అర్బాబ్ మోకాలి ఆపరేషన్‌కి బ్యాంకాక్ వెళ్లాడా, నేను సామాన్లకి దుబాయ్ వెళ్లి అక్కడ పది దినాలు ఇరుక్కుపోయానా, వచ్చి చూస్తే లూమీ చెట్లన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. పంపు తాళం వీడి దగ్గరే ఉంది. ఏమైందిరా అంటే, మైనే సుఖాయా అంటాడు. జాన్‌బూఝ్ కే సుఖాయా! పోయిన నెల సెలవు ఇవ్వలేదని పగ పట్టాడు." యూసఫ్ భాయ్ గొంతు తగ్గించాడు. "మాస్టర్, నా ఉద్యోగం కూడా పోతుంది. పంపు చూసుకోవలసింది నేను."

కిటికీలోంచి చూశాను. బయట పికప్ వెనకాల ఓబులేసు మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగి, నోట్లోంచి గట్టిగా ఒక చప్పుడు చేసి, "అరె! అరబిక్ ఫాంట్ పోయింది" అన్నాను. ఇది మా వృత్తిలో గౌరవనీయమైన జబ్బు. ఫాంట్ పోయిందంటే ఎంతటి ముదీర్ అయినా, అంటే మేనేజరైనా, చాయ్ తాగి రావలసిందే. యూసఫ్ భాయ్ కెఫెటేరియాకి వెళ్లాడు. నేను పికప్ దగ్గరికి వెళ్లాను.

"ఏందిరా ఓబులేసూ, ఏం చేసినావు?"

"బెట్టకు ఇడిసినా అన్నా." తల ఎత్తలేదు. "ఏడాది పొడుగునా ఆడొక పువ్వు ఈడొక పువ్వు పూచ్చా ఉండాయి చెట్లు. ముసలాయన వచ్చేసరికి తోటంతా ఒక్కసారి తెల్లంగా పూయించి చూపిచ్చామనుకున్నా. మనూర్లో ఇడవమా ఏంది?"

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. నిమ్మ జాతి చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు ఆపేస్తారు. దాన్నే బెట్ట అంటారు. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది, చెట్టు ఇక నాకు చావేనేమో అనుకుంటుంది. అప్పుడు నీళ్లు వదిలితే బతుకు మీద ఆశతో ఒళ్లంతా పూస్తుంది. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నదే అసలు విద్య.

"మరి సుఖాయా అని ఎందుకన్నావురా?"

"బెట్టకు హిందీలో ఏమనాల్నో నాకేం తెలుసు? ఎండబెట్టినా అన్నా. కావాలని పెట్టినావా అంటే, అవును, కావాలనే అన్నా. అబద్దం చెప్పాల్నా?" కళ్లు తుడుచుకున్నాడు. "పంపిచ్చే పంపిచ్చనీలే అన్నా. చెట్లను సంపినోడని మాత్రం రాయొద్దు. ఆ మాట మనూరికి పోతే ఇంగ నన్ను ఏ తోటలోనూ అడుగు పెట్టనీరు."

కేసు నాకు అప్పుడు అర్థమైంది. మనిషి ఎక్కడికి పోయినా బతుకుతాడు. ఆ ఒక్క వాక్యం మాత్రం వాడితో పాటే విమానం ఎక్కుతుంది. ఆ వాక్యం టైపు చేయాల్సింది నేను.

కాగితం మీద సంతకం పెట్టాల్సింది అర్బాబే కనక, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, బ్యాంకాక్ నుంచి తిరిగొచ్చిన ఆయన మజ్లిస్‌కి ముగ్గురం వెళ్లాం. మజ్లిస్ అంటే అరబ్బు పెద్దలు మనుషుల్ని కలిసే చావడి. అబూ ఖల్ఫాన్ అని అందరూ పిలిచే ఆ పెద్దాయన గోడకి ఆనుకుని, ఆపరేషనైన కాలు దిండు మీద చాపుకుని కూర్చున్నాడు. తోటలో చెట్లు ఆయన తల్లి నాటినవి. ఆమె మేడ మీద చాపలు పరిచి లూమీలు ఎండబెట్టేదని, ఆ ఎండు లూమీ వెయ్యని చేపకూర ఆ ఇంట్లో ఉండేది కాదని యూసఫ్ భాయ్ దారిలో చెప్పాడు. చెప్పి, "అందుకే నువ్వు ఎక్కువ మాట్లాడకు" అన్నాడు. ఆ సలహా నాకు ఇంతకు ముందు చాలామంది ఇచ్చారు.

"ఇతను నా తల్లి చెట్లను ఎండబెట్టానని ఒప్పుకున్నాడట. నిజమేనా?" అన్నాడు పెద్దాయన నన్ను చూసి.

బెట్టకు అరబిక్ మాట ఏమిటి? నాకు తెలియదు. ఎండబెట్టాడంటే ఉరి. నీళ్లు ఆపాడంటే జైలు. కాఫీ పోసేవాడు ఫింజాన్ అందిస్తే, ఆ చిన్న కప్పులోకి చూస్తూ ఒక్క క్షణం ఆలోచించాను.

"అర్బాబ్, ఇతను చెట్లకు సౌమ్ పెట్టించాడు."

సౌమ్ అంటే ఉపవాసం. రంజాన్‌లో ఉండేది.

"చెట్లకా?"

"చెట్లకే. మా వైపు పద్ధతి. కొన్నాళ్లు నీళ్లు లేకుండా ఉంచితే, ఉపవాసం విడిచిన రోజున ఒళ్లంతా పూస్తాయి."

పెద్దాయన మీసం కింద ఏదో కదిలింది. అంతలోనే మాయమైంది. "ఉపవాసానికి మగ్రిబ్ ఉంటుంది. పొద్దు గూకగానే ఖర్జూరం, నీళ్లు. వీడు నా చెట్లకు పొద్దు ఎప్పుడు గూకించాడు?"

నేను ఓబులేసు వైపు తిరిగి, తెలుగులో అడిగాను. "నీళ్లు ఎప్పుడు ఇడుద్దామనుకున్నావురా?"

"ఆకు మెలి తిరిగి సగం రాలినాక. మనూర్లో నెల దాటినా తట్టుకుంటాయి కదన్నా."

"అది ఎర్రనేల రా నాయనా. ఇది ఇసుక. ఇసుకలో నీళ్లు నిలుస్తాయా?"

"ఇప్పుడు తెలిసె అన్నా. చేతులు ఈడికి తెచ్చుకున్నా, లెక్క మాత్రం ఊర్లోదే యేసినా."

ఈ మాట నేను ఉన్నదున్నట్టు అరబిక్‌లోకి మార్చాను. ఇందులో నా మసాలా ఏమీ లేదు. ఎర్రమట్టిలో నేర్చిన లెక్క ఇసుకలో వేశాడు, పొరపాటు చేశాడు, పగతో చేయలేదు అన్నాను.

"ఆ తేడా చెట్టుకు తెలుస్తుందా?" అన్నాడు పెద్దాయన.

వాదన అయిపోయింది. వాదన అయిపోయిన చోట కథ మొదలుపెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కాఫీ వద్దన్నట్టు ఫింజాన్ ఊపి, కింద పెట్టి, గొంతు సవరించుకున్నాను.

"అర్బాబ్, మా జిల్లాలో మా తాతల కాలంలో కోనప్ప అనే ప్లీడరు ఉండేవాడు. ప్లీడరంటే వకీలు. మా తాత ఆయన దగ్గర గుమాస్తా. ఇంగ్లీషు దొర మా దేశాన్ని ఏలే రోజులు..."

"మా మీద కూడా ఉండేవాడు ఆ దొర. సముద్రం మీంచి వచ్చేవాడు," అన్నాడు పెద్దాయన. అంటే చెప్పు అని అర్థం.

చెప్పాను. మజ్లిస్‌లో చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

కోనప్ప ప్లీడరు గారు కోర్టులో గెలిచిన కేసుల కన్నా వాయిదా వేయించిన కేసులు ఎక్కువ. వాయిదాల కోనప్ప అని పేరు. అన్నదమ్ములు కత్తులు నూరుకుంటూ వస్తే, ఆయన వాయిదా మీద వాయిదా వేయించి, వాళ్ల కోపం చల్లారాక రాజీ చేయించి పంపేవాడు. మనిషికి న్యాయం ఇవ్వడం జడ్జీ చేతిలో ఉంది, గడువు ఇప్పించడం నా చేతిలో ఉంది అనేవాడట.

నడివయసులో ఆయనకు చీనీ పిచ్చి పట్టింది. ఊరవతల, మేకలు కూడా మొహం తిప్పుకునే రాళ్ల గుట్ట కొని, తడిపిన గోనెపట్టాల్లో చుట్టించి అంటుమొక్కలు ఎద్దుబండి మీద తెప్పించి నాటాడు. ఊరంతా నవ్వింది. అయిదారేళ్లకు ఆ గుట్ట పసుపచ్చగా కాసింది. చిలకలు వాలుతున్నాయని కోర్టు నల్లగౌను తెచ్చి కర్రకు తొడిగి తోట మధ్యన నిలబెట్టాడు. చిలకలు భయపడ్డాయో లేదో కానీ, ప్లీడరు గారి కోసం వచ్చిన కక్షిదార్లు మాత్రం మసక చీకట్లో ఆ గౌనుకు దండం పెట్టి, కేసంతా దానికి చెప్పుకుని, ఊరట పడి ఇంటికి వెళ్లేవారు.

ఇక్కడ పెద్దాయన నవ్వాడు. యూసఫ్ భాయ్ నా కాలు తొక్కాడు. నేను ఆగలేదు.

ఒకసారి హద్దు తగాదాలో ఒక చీనీ చెట్టు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. మా తోట కాయ రుచే వేరు అని వాదించి, ప్లీడరు గారు గంపెడు కాయలు సాక్ష్యంగా కోర్టులో పెట్టాడు. భోజనం వేళ దాటింది. దొర జడ్జీ ఒక కాయ ఒలిచాడు, ఇంకోటి ఒలిచాడు. సాయంత్రానికి గంపలో తొక్కలు మిగిలాయి. ప్లీడరు గారు లేచి, "అయ్యా, సాక్ష్యం కోర్టువారి కడుపులో ఉన్నందున వాయిదా కోరుతున్నాను" అన్నాడు. మంజూరైంది.

"ఆ జడ్జీ నాకు కావాలి," అన్నాడు పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ.

అప్పట్లో మద్రాసులో చట్టాలు చేసే కౌన్సిల్ ఉండేది. పన్ను కట్టేవాళ్లకే ఓటు. ఎన్నికలొస్తే కోనప్ప ప్లీడరు గారు నిలబడ్డాడు. ఎదుటి అభ్యర్థి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ఈయన బండినిండా చీనీకాయలు వేసుకుని వెళ్లి, ఒక్కో ఓటరు అరుగు మీద కూర్చుని, కాయ ఒలిచి చేతిలో పెట్టి, పంటల సంగతి మాట్లాడి వచ్చాడు. గెలిచాడు. కౌన్సిల్లో ఆయన అడిగింది ఒకే ఒక్క కోరిక: జంక్షన్లో గూడ్సు బండి నిలిచిపోయి మా జిల్లా కాయలు కుళ్లిపోతున్నాయి, వాటిని ముందు పంపండి. అడిగిన ప్రతిసారీ జవాబు ఒకటే వచ్చేది: విషయం పరిశీలనలో ఉంది. జీవితమంతా వాయిదాలు వేయించినవాడికి ఆ కుర్చీలు వాయిదా రుచి చూపించాయి.

అలా ఒక చలికాలం కౌన్సిల్‌కి వెళ్తూ, తోట బెట్టకు విడిచి, మా తాతతో అన్నాడు: "నేనొచ్చి చెప్పేదాకా కపిల కట్టొద్దు." కపిల అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే పద్ధతి. వారంలో వస్తానన్నవాడు రాలేదు. కౌన్సిల్ పొడిగించారు. ఆకులు మెలి తిరిగాయి. రాలాయి. ఎద్దులు కొట్టంలో ఊరికే నిలబడ్డాయి. మా తాత రోజూ బావి గట్టు మీద కూర్చుని దారి చూశాడు. అయ్యగారి మాట. మాట దాటి నీళ్లు విడిస్తే తప్పు, విడవకపోతే చెట్లు పోతాయి. ఆయన మాటే నిలబెట్టాడు. చివరికి ప్లీడరు గారు బండి దిగేసరికి ఊరంతా తోటలో ఉంది. గుమాస్తా తోటను చంపాడు, తరిమేయండి అని అరుపులు.

నేను ఆగాను. ఓబులేసుకి అరబిక్ రాదు. అయినా అతను నా మొహాన్ని చెట్టును చూసినట్టు చూస్తున్నాడు.

"ప్లీడరు గారు తోట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గట్టు మీద నిలబడి, 'వాయిదా' అన్నాడు, అర్బాబ్. 'కపిల కట్టండి. పూత కాలం దాటేదాకా ఈ కేసులో తీర్పు లేదు' అన్నాడు. నీళ్లు పారాయి. కొన్నాళ్లకి గుట్ట తెల్లగా పూసింది. ఊరి చివరి ఇంటిదాకా వాసన. మా తాత ఉద్యోగం మా తాతకే ఉంది. నేనూ అదే అడుగుతున్నాను. క్యాన్సిలేషన్ వద్దనను. వాయిదా ఇప్పించండి."

పెద్దాయన చేతికర్ర పిడితో నన్ను చూపించాడు.

"ఇది నిజంగా జరిగిందా?"

"మా తాత చెప్పాడు."

"వల్లా అను."

వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. ఆ దేశంలో కూరగాయల బేరానికి కూడా గంటకు పదిసార్లు అంటారు. నేనూ అన్నాను, నా ఫాంట్ల గురించి, నా మేక గురించి. ఆ పూట, ఆయన తల్లి చెట్లు బయట ముడుచుకుని ఉండగా, నాలుక తిరగలేదు.

ఆయన నన్ను రెట్టించలేదు. యూసఫ్ భాయ్ వైపు తిరిగి, "పంపు వెయ్యి. తాళం వీడికే ఇవ్వు. ఆ కాగితం కొట్టి, పూత కాలం దాటేదాకా మాస్టర్ తన దగ్గరే ఉంచుకుంటాడు. ఖలాస్," అన్నాడు.

తర్వాతి వారాలు నేను ఎంత టైపు చేశానో గుర్తులేదు, ఎన్నిసార్లు కిటికీ తెరిచానో గుర్తుంది. ఏసీ పోతోందని మా యజమాని తిట్టేవాడు. మొదట్లో శుక్రవారం వెళ్తే ఓబులేసు కొమ్మ గోటితో గీకి చూపించేవాడు. లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగు ఉంటే పోయినట్టు. యూసఫ్ భాయ్ కూడా పక్కనే నిలబడి గీకేవాడు. "నీ ఊరి చెట్లకి ఇంత నాటకం ఎందుకు?" అని తిట్టేవాడు. ఒక శుక్రవారం మాత్రం తిట్టలేదు, సొంత ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ఓబులేసుకి పోశాడు. సముద్రం వైపు రెండు వరసలు గోధుమరంగులోనే ఉండిపోయాయని ఆ రోజే తేలింది. మిగిలినవాటి సంగతి తేలలేదు.

ఫిబ్రవరి దాటాక ఒక ఉదయం, నేను ఎవరిదో డ్రైవింగ్ లైసెన్సు అర్జీ కొడుతుంటే, ఒక చెయ్యి వచ్చి కీబోర్డు మీద చిన్న రెమ్మ పెట్టింది. తెల్లని మొగ్గలు. నాలుగు విచ్చుకుని ఉన్నాయి.

"వాయిదా అయిపోయింది, మాస్టర్," అన్నాడు యూసఫ్ భాయ్. ఆ మాట తెలుగులోనే అన్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో తెలియదు.

తోటలోకి వెళ్లేసరికి తేనెటీగల మోత. ఓబులేసు ఏడుస్తూ నవ్వుతున్నాడు. "సూడన్నా, ఒక్కసారే పూసినాయి! ఒక్కసారే!" పెద్దాయన కుర్చీ తోట మధ్యలోనే వేయించుకున్నాడు. చనిపోయిన రెండు వరసల్లో ఓబులేసు అప్పటికే గుంతలు తీసి ఉంచాడు.

"ఈ రెండు వరసలకూ నీ ప్లీడరు ఏమంటాడు?" అని అడిగాడు పెద్దాయన నన్ను.

"మొక్కలు నాటమంటాడు."

"నాటుతున్నాడు." ఓబులేసు వైపు గడ్డం చూపించాడు. "ఆ రోజు నువ్వు వల్లా అనలేదు. గౌనుకి దండం పెట్టినవాళ్ల గురించి, కాయలు తిన్న జడ్జీ గురించి అంతసేపు చెప్పావు. ఒక్కసారి కూడా అనలేదు. కథలో ఏదో అబద్ధం ఉందని అప్పుడే తెలుసు."

"మరి వాయిదా ఎందుకిచ్చారు?"

"అబద్ధం మీద ఒట్టు వేయనివాడు అడిగాడు కనక."

క్యాన్సిలేషన్ కాగితం చింపి కెఫెటేరియా పొయ్యిలో వేశాం. ఓబులేసు ఆ తోటలోనే ఉన్నాడు. నేను 2008లో కల్బా వదిలి వచ్చేటప్పుడు నా సంచిలో బలవంతాన ఎండు లూమీలు కుక్కాడు. మా ఇంట్లో చారులో ఒకటి వేస్తే, మా ఆవిడ ఈ నల్లరాయి ఏమిటని తీసి పారేసింది. నేను డబ్బా మూత తీసి వాసన చూసుకుంటూ బతుకుతున్నాను.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. తర్జుమా చేసేవాడు మాటకు మాట అందిస్తే సరిపోతుందనుకునేవాణ్ణి. సుఖాయా అన్న మాటకు సరైన అరబిక్ మాట నాకు తెలుసు. అది వాడి ఉంటే నా తర్జుమాలో తప్పుండేది కాదు, ఓబులేసు మాత్రం పోయేవాడు. అప్పటి నుంచి ఎవరైనా కోపంతో కాగితం కొట్టించుకోవడానికి వస్తే, నా ఫాంట్ కాసేపు పోయేది. తిరిగి వచ్చేసరికి సగం మంది తమ కాగితం మరిచిపోయి చాయ్ తాగుతూ కనిపించేవారు.

ఇక మొదట చేసిన ప్రమాణం సంగతి. మేక విషయం వదిలేయండి. ఈ కేసులో నేను కల్పించింది ఏదో చెప్పాల్సిన వేళ వచ్చింది.

ప్లీడరు గారు నిజంగానే ఉండేవారు. గుట్ట, గౌను, బండినిండా కాయలు, కౌన్సిల్లో ఆ ఒక్క కోరిక, అన్నీ మా తాత చెప్పినవే. జడ్జీ తిన్నది ఒక్క కాయ, గంప నాది. కల్బా పూత నిజం, నేను నా ముక్కుతో పీల్చాను. అసలు అబద్ధం ఒకే చోట ఉంది. ఆ గుట్ట మీద చెట్లు పూయలేదు. కపిల కట్టేసరికి ఆలస్యమైపోయింది. ఒక్క చెట్టూ మిగలలేదు. ప్లీడరు గారు మళ్లీ నాటలేదు, కౌన్సిల్‌కీ నిలబడలేదు, గౌను వేసుకుని పాత కోర్టుకే వెళ్లారు. మా తాతను చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నారు.

బండి దిగిన రోజు ఆయన వాయిదా అనలేదు. ఊరంతా అరుస్తుంటే ఎండిన చెట్ల మధ్య నడుచుకుంటూ బావి గట్టు దాకా వచ్చి, పెదాలు పగిలిపోయి కూర్చున్న మా తాతను చూసి ఒక్క మాట అడిగారట: "నువ్వు నీళ్లు తాగావురా?"

అది మా తాత నోటి నుంచి నేను విన్నాను. వల్లా.